రిఫైనరీ చమురు నిండిన చిత్తడి నేల: బాగుచేత పని డైరీ

పని స్థలం: రిఫైనరీ వ్యర్థజలాలు ఏళ్ల తరబడి వచ్చి కలిసిన పల్లపు చిత్తడి. ఎగువన చమురునూ నీటినీ వేరుచేసే పాత తొట్టి, దాని నుంచి దిగే మట్టి కాలువ. కాలువ మొగలో తారులా గట్టిపడిన నల్లటి బురద. అక్కడి నుంచి పల్చబడుతూ జమ్ము పొదల్లోకి పాకిన మరక. దిగువ చివర గట్టు, గట్టులో తూము.

బురదలో ఏముంటుందో ల్యాబు చెప్పకముందే రిఫైనరీ పాత పటాలు చాలావరకు చెప్పేస్తాయి. తొట్టి అడుగు మడ్డి ఎక్కడికి పోయిందో అక్కడ బరువైన హైడ్రోకార్బన్లు, పాలీ అరోమాటిక్ హైడ్రోకార్బన్లు (కొన్ని కార్బన్ వలయాలు కలిసిన విషపదార్థాలు, ఇకపై పీఏహెచ్‌లు) ఉంటాయి. వెనేడియం, నికెల్ ముడిచమురులోంచే వస్తాయి. పాత కూలింగ్ టవర్ల నీళ్లు వదిలిన చోట క్రోమియం వెతకాలి, సీసం కలిపిన పెట్రోలు నిలవ చేసిన ట్యాంకులు కడిగిన చోట సీసం వెతకాలి. వాడేసిన కాస్టిక్ ద్రావణంతో ఫినాళ్లు, సల్ఫైడ్లు వస్తాయి. ముడిచమురు కడిగిన నీళ్లతో ఉప్పు వస్తుంది. ఈ ఉప్పు సంగతి చాలామంది మరిచిపోతారు, తర్వాత మొక్కలు చస్తే నేరం చమురు మీద వేస్తారు. ఉప్పు ఎంతుందో చూపే నీటి విద్యుత్ వాహకత కొలవడానికి నిమిషం చాలు, మొదటి రోజే కొలవాలి.

కింద ఇచ్చే పరిమాణాలన్నీ 10 మీటర్లకు 10 మీటర్ల ఒక గడికి లెక్కగట్టినవి. స్థలం ఎంత పెద్దదైనా గడుల లెక్కన హెచ్చించుకోవచ్చు.

సర్వే, నమూనాలు

మొదటి పని గడులు గీయడం. మూలల్లో వెదురు కర్రలు పాతి, ప్రతి కర్ర దగ్గరా నేల ఎత్తు సర్వే పరికరంతో సెంటీమీటరు తేడాలో కొలిచి రాసుకోవాలి. ఈ ఎత్తుల పట్టీ మొత్తం పనికి ఆయువుపట్టు. ఎందుకో తవ్వకం భాగంలో తెలుస్తుంది.

బురదలోకి నేరుగా కాలు పెట్టకూడదు. మనిషి నడిచేటప్పుడు మడమ కింద పడే ఒత్తిడి, వెడల్పు పట్టాల ఉభయచర ఎక్స్‌కవేటర్ నేలమీద మోపే ఒత్తిడికన్నా ఎక్కువ. ఒక్కో అడుగూ పైనున్న చమురును 20, 30 సెంటీమీటర్ల లోతుకు కూరుతుంది. అక్కడ గాలి ఉండదు కాబట్టి అది అలాగే ఉండిపోతుంది. పలకల బాట వేశాకే మిగతా పని.

గాలి కొలిచే మీటరు లేకుండా కాలువ మొగ దగ్గరికి ఎవరూ పోకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అలారం 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో పది) దగ్గర పెట్టాం. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ప్రమాదం, రాకపోతే క్షేమం అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. 100 పీపీఎం దాటేసరికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. బెంజీన్ కోసం వేరే గాలి పరీక్ష గొట్టాలు వాడాలి, పని గంటల సగటు 1 పీపీఎం మించకూడదు.

కోర్లు (నిలువు మట్టి నమూనాలు) తీయడానికి 7 సెం.మీ. వ్యాసం ఉన్న పారదర్శక గొట్టాలు వాడాం. మెత్తటి బురద గొట్టంలోకి పోయేటప్పుడు నొక్కుకుపోతుంది. అందుకే గొట్టం దించాక పైకి లాగకముందే రెండు కొలతలు తీయాలి: గొట్టం లోపల మట్టి పైభాగం ఎంత కిందుంది, బయట నేల ఎంత కిందుంది. రెంటి తేడాయే నొక్కుడు. దీన్ని సరిచేయకపోతే 30 సెం.మీ. లోతున ఉన్న చమురు కాగితం మీద 20 దగ్గర కనిపిస్తుంది, తవ్వకం తప్పుతుంది. కోర్‌ను 0-5, 5-15, 15-30, 30-60, 60-100 సెం.మీ. ముక్కలుగా కోసి, టెఫ్లాన్ మూత ఉన్న గాజు సీసాల్లో 4 డిగ్రీల చల్లదనంలో పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు, హైడ్రోకార్బన్లను పీల్చేసుకుంటుంది.

నీటిమీద రంగులు తేలుతున్న ప్రతిచోటా చమురు ఉన్నట్టు కాదు. ఇనుము తినే బాక్టీరియా కూడా అచ్చం అలాంటి పొరే కడుతుంది. పుల్లతో కదిపి చూడాలి. బాక్టీరియా పొర అయితే పెంకుల్లా విరిగి ముక్కలు విడివిడిగా ఉండిపోతాయి. చమురైతే మళ్లీ వచ్చి కలుసుకుంటుంది. ఈ పరీక్షతోనే చాలా గడుల్ని అనుమానపు జాబితా నుంచి తీసేశాం.

ల్యాబుకు పంపేటప్పుడు రెండు విషయాలు రాసిచ్చాం. ఒకటి, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు చూసేముందు సిలికా జెల్‌తో శుద్ధి చేయాలి. చిత్తడి మట్టిలో కుళ్లిన ఆకుల మైనం, కొవ్వు ఆమ్లాలు కూడా చమురు లెక్కలోకి వచ్చేస్తాయి. ఆ శుద్ధి లేకపోతే ఏ మరకా లేని పీట్ (సగం కుళ్లిన మొక్కల) నేల కూడా కలుషితమని తేలుతుంది. అందుకే చమురు తగలని పక్క చిత్తడి నుంచి కూడా నమూనాలు జతచేయాలి. రెండోది, హోపేన్ కొలవాలి. ముడిచమురులో ఉండే ఈ పదార్థాన్ని సూక్ష్మజీవులు దాదాపు ముట్టవు. మిగతావి దీనితో పోలిస్తే ఎంత తగ్గాయో చూస్తేనే చమురు నిజంగా సూక్ష్మజీవులు తిని కరిగిందా, లేక నీళ్లతో పక్కకు కొట్టుకుపోయిందా అన్నది తెలుస్తుంది. చమురులో త్వరగా కరిగే 17 కార్బన్ల ఆల్కేన్‌కూ, నెమ్మదిగా కరిగే ప్రిస్టేన్‌కూ ఉన్న నిష్పత్తి తొలి నెలల్లో బాగా పనికొస్తుంది. తర్వాత ప్రిస్టేన్ కూడా కరగడం మొదలవుతుంది, అప్పుడు హోపేనే దిక్కు.

మంచినీటి బురదల్లో మొత్తం పీఏహెచ్‌లకు ఎక్కువగా వాడే గీతలు రెండు: కిలో పొడి మట్టికి 1.61 మి.గ్రా. లోపుంటే అడుగున బతికే జీవులకు హాని అరుదు, 22.8 దాటితే హాని ఉండే అవకాశం ఎక్కువ. నడుమ ఉన్నవాటికి జీవపరీక్ష చేయించాలి. ఆంఫిపాడ్‌లను (రొయ్యల్లాంటి చిన్న జీవులను) ఆ బురదలో పెంచి చావులు, పెరుగుదల చూస్తారు. రెండే అంకెలతో తవ్వకం గీత గీసేవాళ్లతో మేం ఏకీభవించం. సేంద్రియ కార్బన్ ఎక్కువగా ఉన్న బురద పీఏహెచ్‌లను గట్టిగా పట్టేస్తుంది, అదే మోతాదు ఇసుకలో ఉంటే ఎక్కువ విషం.

ఊట కట్టడం

ఎగువ నుంచి చమురు ఊరుతూ ఉంటే దిగువన చేసిన ప్రతి పనీ మళ్లీ చేయాల్సిందే. 1986 ఏప్రిల్‌లో పనామా కరీబియన్ తీరంలో బహియా లాస్ మినాస్ దగ్గర రిఫైనరీ ట్యాంకు పగిలి కనీసం 80 లక్షల లీటర్ల ముడిచమురు మడ అడవుల్లోకి పోయింది. ఐదేళ్ల తర్వాత కూడా ఆ మడ బురదలోంచి చమురు ఊరి నీటిమీద తేలుతూనే ఉంది. నేలలో దాగిన చమురే కొత్త కాలుష్యానికి ఊట అవుతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాలువకు, చిత్తడికి నడుమ అడ్డకాలువ తవ్వాం. లోతు ఎంత ఉండాలన్నదే కీలకం. చమురు భూగర్భజలం మీద తేలుతుంది, ఎండల్లో నీటిమట్టంతో పాటు దిగుతుంది, వానల్లో లేస్తుంది. కాబట్టి ఏడాదిలో అతి తక్కువ మట్టానికి ఇంకో అర మీటరు నుంచి మీటరు కిందికి తవ్వాలి. తడికాలపు మట్టం చూసి తవ్వితే ఎండల్లో చమురు కాలువ కిందినుంచి దాటిపోతుంది. చిత్తడి వైపు గోడకు 1.5 మి.మీ. మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు. లోపల 20-40 మి.మీ. కడిగిన కంకర, అడుగున 150 మి.మీ. చిల్లుల గొట్టం, చివర చమురు తోడే గుంత.

ఇందులో రెండు చిక్కులు. కంకర చుట్టూ చుట్టే, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ తుప్పు జిగురుతో మూసుకుపోతుంది. దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని గొట్టం మీద 30 మీటర్లకొకటి శుభ్రం చేసే నిలువు గొట్టం పెట్టాలి. రెండోది పంపు. త్వరగా ఖాళీ చేద్దామని పంపు గట్టిగా తోలితే నీటిమట్టం కుంగి, చమురు కొత్తగా ఆరిన మట్టికి పూసుకుపోతుంది. అలా పూసుకున్నది మళ్లీ తేలి రాదు. మెల్లగా, మట్టం ఇరవై ముప్పై సెంటీమీటర్లకు మించి కుంగకుండా తోడాలి. తేలే పొరకు బెల్టు స్కిమ్మరు (చమురు అంటించుకుని పైకి తీసే బెల్టు యంత్రం) వేరే.

కాలువ మొగకు అడ్డంగా చిన్న మట్టికట్ట వేసి, అందులో గొట్టాలు వాలుగా దించాం. ఎగువ నోరు నీటిలో బాగా లోతున, దిగువ నోరు పైకి. నీళ్లు కిందినుంచి పోతాయి, తేలే చమురు కట్ట వెనకే ఆగుతుంది. కట్ట వెనక నీటి వేగం నిమిషానికి 0.9 మీటరు మించకూడదు. 150 మైక్రాన్ల చుక్కలను పట్టే తొట్లకు పెట్టుకునే పరిమితే ఇది. వాన వరదకు పక్కన వేరే పొర్లు దారి ఉండాలి, లేకపోతే కట్టా పోతుంది, పట్టిన చమురూ పోతుంది. తేలే బూమ్‌లను (నీటిమీద చమురును ఆపే అడ్డుకట్టలను) మాత్రం నమ్ముకోలేదు. బూమ్‌కు అడ్డంగా తగిలే ప్రవాహం సెకనుకు 0.35 మీటరు దాటితే చమురు దాని కిందినుంచి జారిపోతుంది.

తేలే చమురు తీత

జమ్ము పొదల నడుమ చిక్కిన చమురును తక్కువ ఒత్తిడి నీటితో తోశాం. నాజిల్ దగ్గర ఒత్తిడి 1 బార్ లోపు, నీరు అక్కడిదే, చల్లనిదే. ఒత్తిడి పెంచితే పని వేగంగా అయినట్టు కనిపిస్తుంది కానీ బురద లేచి చమురుతో కలుస్తుంది, ఆ ముద్ద మునిగిపోతుంది. నేల మీద కొన్ని సెంటీమీటర్ల నీరు నిలిచి ఉన్నప్పుడే కడగాలి, తూము పలకలు ఎక్కించి ఆ నీటిని నిలబెట్టాలి.

పీల్చే పాలీప్రొపిలీన్ బూమ్‌లు పల్చటి కొత్త చమురుకే మంచివి. ముదిరి, నీటితో కలిసి గోధుమరంగు ముద్దైనదాన్ని అవి పీల్చవు. దానికి ప్లాస్టిక్ కుచ్చులు కావాలి, జిగట చమురు వాటికి అంటుకుంటుంది.

చమురు పూసుకున్న జమ్మును కోయమని ఒత్తిడి వస్తూనే ఉంటుంది, చూడటానికి అసహ్యంగా ఉంటుంది కనుక. కోసేది మొక్క నిద్రపోయే కాలంలోనే కోయాలి, మొదలు నీటి పైనే ఉండాలి. జమ్ము ఆకులూ కాండాలూ గాలిని దుంపకు చేర్చే గొట్టాలు. నీటి కింద కోస్తే ఆ గొట్టాల్లోకి నీరు పోయి దుంప ఊపిరాడక చస్తుంది. జమ్మును నిర్మూలించాలనుకునేవాళ్లు వాడే పద్ధతి సరిగ్గా ఇదే. మేం పక్షులు వాలే అంచు గడులు తప్ప మిగతావి కోయలేదు.

తవ్వాలా, వద్దా

పనిలో ఎక్కువ వాదన జరిగిన చోటు ఇది. మొత్తం నల్లమట్టి ఎత్తేస్తే పీడ పోతుందన్నది ఒక మాట. దానికి జవాబు ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఉంది. 1978 మార్చిలో అమోకో కాడిజ్ ఓడ చమురు ఇల్ గ్రాండ్ ఉప్పు చిత్తడిని ముంచెత్తింది. బరువైన యంత్రాలు దించి కొన్నిచోట్ల 50 సెం.మీ. దాకా మట్టి ఎత్తేశారు. అలా శుభ్రం చేసిన భాగాలకన్నా ముట్టకుండా వదిలిన చమురు భాగాలే ముందు పచ్చబడ్డాయి. కారణం విషం కాదు, ఎత్తు. నేల అరమీటరు దిగితే అక్కడ నిలిచే నీటి లోతు మారుతుంది, ఆ లోతులో ఆ మొక్క బతకదు.

అలాగని వదిలేస్తే కాలమే చూసుకుంటుందనీ చెప్పలేం. 1969లో అమెరికాలోని వెస్ట్ ఫాల్మత్ దగ్గర బార్జి నుంచి ఒలికిన డీజిల్ తరహా చమురు, ముప్పై ఏళ్లు దాటాక కూడా చిత్తడి బురదలో కొన్ని సెంటీమీటర్ల కింద దొరికింది. గాలి తగలని లోతుకు చేరిన చమురు అలాగే నిలవ ఉంటుంది.

అందుకని మా గీత ఇలా పెట్టుకున్నాం. గొట్టంలోంచి తీసిన ముక్కను సీసాలో నీటితో కలిపి ఊపితే చమురు విడిగా తేలే గడుల్లో తవ్వకం. చమురు మట్టి రేణువులకు అంటుకుని, ఊపినా విడిపోని గడుల్లో తవ్వకుండా గాలి, ఎరువు, మొక్కలు. అలా తూచితే కాలువ మొగ చుట్టూ ఉన్న గడులే తవ్వకానికి మిగిలాయి.

తవ్విన గడుల్లో అదే రోజు శుభ్రమైన మట్టి నింపడం మొదలుపెట్టాలి. రాత్రి నీరు చేరితే పక్క గడుల అంచులు జారి గుంతలో పడతాయి. నింపే మట్టి పాత మట్టి లాంటిదే కావాలి: సన్నపు ఒండ్రు, సేంద్రియ పదార్థం కలిసినది. ముతక ఇసుక నింపితే నీరు వేరేలా పారుతుంది, పోషకాలు నిలవవు. మట్టి కుంగుతుంది కాబట్టి మొదట కొంచెం ఎత్తుగా నింపాం. సేంద్రియ మట్టికైతే లోతులో 15 శాతం దాకా అదనం. కుంగాక సర్వే చేసి, పాత పట్టీతో పోల్చి 5 సెం.మీ. కన్నా తేడా ఉన్న చోట్ల సరిచేశాం. మొదటి రోజు తీసిన ఎత్తుల అక్కర ఇక్కడే పడింది.

ఊపిరి లెక్క

తవ్వని గడుల సంగతి. ఒక గడిలో పై 15 సెం.మీ. అంటే 15 ఘనమీటర్ల మట్టి. సేంద్రియ చిత్తడి మట్టి పొడి బరువు ఘనమీటరుకు 0.8 టన్ను అనుకుంటే 12 టన్నులు. కిలో మట్టిలో 10,000 మి.గ్రా. హైడ్రోకార్బన్లు ఉంటే గడిలో ఉన్నది 120 కిలోలు. కిలో హైడ్రోకార్బన్ పూర్తిగా కరగాలంటే సుమారు 3.5 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే గడికి 420 కిలోలు.

25 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ ఘనమీటరుకు 8 గ్రాముల చిల్లర. ఆ 420 కిలోలు నీటి ద్వారా రావాలంటే 50,000 ఘనమీటర్లకు పైగా నీరు మట్టిలోంచి పారాలి, అది జరగని పని. అదే గాలిలో ఘనమీటరుకు 270 గ్రాములకు పైనే ఉంటుంది, సుమారు 1,550 ఘనమీటర్ల గాలి చాలు. చిత్తడిలో సూక్ష్మజీవులకు కొరత ఎరువుది అనుకుని గుప్పించడం మామూలే. మునిగిన నేలలో మాత్రం ముందు కొరత పడేది ఆక్సిజన్. నిలవ నీటి కింద అది బురదలోకి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. సూక్ష్మజీవుల పొట్లాలు కొని చల్లడం గురించి కూడా అడుగుతుంటారు. పాత రిఫైనరీ బురదలో చమురు తినే జీవులకు కొదవ లేదు. గాలి ఆడని చోట కొత్తగా వేసినవీ చస్తాయి.

అందుకే తూము పలకలతో నీటిని దించుతూ ఎక్కిస్తూ ఉన్నాం. మట్టం నేలకు 15-20 సెం.మీ. కిందికి దించి, రెండు వారాల లోపే మళ్లీ ఎక్కించడం. దించేది రోజుకు 3 సెం.మీ. మించకుండా. ఒక్కసారిగా దించితే తూము దగ్గర మట్టి కోసుకుపోతుంది, చేపలు గుంతల్లో చిక్కుతాయి. గాలి ఎంత లోతు దిగిందో చూడటానికి, గాలి ఆడితే పెరిగి ఆడకపోతే తగ్గే మట్టి వోల్టేజిని కొలిచే ప్లాటినం ఎలక్ట్రోడులు వాడాం. సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సుతో వచ్చిన రీడింగుకు సుమారు 200 మిల్లీవోల్టులు కలిపితేనే ప్రామాణిక విలువ. ఈ కలపడం కొందరు చేసి కొందరు చేయకపోతే పట్టీ అంతా గందరగోళమవుతుంది, అందుకే కలిపినవే రాయాలని నియమం. ఎలక్ట్రోడులు లేని గడుల్లో ఉప్పుకాగితంతో రుద్దిన ఇనుప ఊచలు గుచ్చి నెల తర్వాత లాగాం. ఎర్రతుప్పు పట్టినంత లోతు గాలి ఆడినట్టు, నల్లగా ఉన్నచోట ఆడనట్టు. ఇంత చవకైన పనిముట్టు ఇంత నిజం చెప్పడం అరుదు.

నీరు దించడంలో ఉన్న పెద్ద ప్రమాదం ఆమ్లం. మునిగిన బురదలో, ముఖ్యంగా సల్ఫైడ్లు చేరిన రిఫైనరీ బురదలో, ఇనుప సల్ఫైడ్లు ఉంటాయి. గాలి తగిలితే అవి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతాయి. పీహెచ్ 4 కిందికి పడితే అప్పటిదాకా సల్ఫైడ్‌గా కట్టుబడి ఉన్న నికెల్ లాంటి లోహాలు కూడా నీటిలోకి వదులవుతాయి. చమురు కరిగించబోయి లోహాలు వదిలినట్టవుతుంది. నీరు దించేముందు ప్రతి గడి నుంచీ చెంచాడు మట్టి తీసి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, పొంగు తగ్గాక పీహెచ్ చూడాలి. 3 కిందికి వస్తే ఆ గడి ప్రమాదకరం. బజారులో దొరికే పెరాక్సైడే ఆమ్లంగా ఉంటుంది, వాడేముందు పీహెచ్ 4.5-5.5కు సరిచేయాలి. లేకపోతే మంచి మట్టి కూడా చెడ్డదని చెబుతుంది. చమురు మట్టి భగ్గున పొంగి వేడెక్కుతుంది, కాబట్టి కొన్ని మిల్లీలీటర్లే, కళ్లద్దాలు తప్పనిసరి. ప్రమాదకరమని తేలిన గడుల వైపు నీరు దించలేదు, వాటికి కింద చెప్పే కార్బన్ పద్ధతి.

ఇక ఎరువు. గడిలోని 120 కిలోల హైడ్రోకార్బన్లలో కార్బన్ 100 కిలోలకు దగ్గర. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 అన్న వాడుక లెక్కన 10 కిలోల నత్రజని, కిలో భాస్వరం. ఇదంతా ఒకేసారి వేయడం మహాపాపం. గడిలో మట్టి సందుల నీరు 10 ఘనమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 10 కిలోలు అందులో కరిగితే లీటరుకు 1,000 మి.గ్రా. దగ్గరికి పోతుంది, ఆ అమోనియాకు నత్తలూ చేపపిల్లలూ మిగలవు. మట్టి సందుల నీటిలో నత్రజని లీటరుకు 2-10 మి.గ్రా. ఉంటే చాలు. మెల్లగా కరిగే పూత గుళికలు, ఒక్కో విడతకు అర కిలో నత్రజని ఉండేలా వేశాం. మూడు నెలల్లో కరిగేవైతే రోజుకు లీటరుకు అర మిల్లీగ్రాము చొప్పున అందుతుంది. నైట్రేటు వద్దు, అమ్మోనియం కావాలి. నైట్రేటు గాలిలేని పొరలో నత్రజని వాయువై ఎగిరిపోతుంది. గుళికలు పైన చల్లితే నీరు ఎక్కించినప్పుడు తేలిపోతాయి, 5 సెం.మీ. లోతున గుచ్చాలి. నీటిమీద పచ్చ నాచు దట్టమైతే ఆ విడత ఆపేయాలి.

తవ్వి తీసిన మట్టి

దీన్ని గట్టు అవతల మడులు కట్టి ఆరబెట్టాం. కింద హెచ్‌డీపీఈ షీటు, దానిమీద ఇసుక పొర, వాలు చివర ఊట నీరు పట్టే కాలువ. ఆ నీరు మళ్లీ వేరుచేసే తొట్టికే పోతుంది. మడిలో మట్టి మందం 30-45 సెం.మీ., దుక్కి నాగలి అందేంతే. కిలోకు 50,000 మి.గ్రా. కన్నా ఎక్కువ హైడ్రోకార్బన్లున్న మట్టిలో సూక్ష్మజీవులు సరిగ్గా పనిచేయవు. అలాంటిదాన్ని శుభ్రమైన మట్టితో కలిపి పల్చన చేయడం కన్నా ముందే చమురు పిండి తీయడం న్యాయం. తేమ, మట్టి పట్టుకోగల నీటిలో 40-85 శాతం నడుమ ఉండాలి. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. పీహెచ్ 6-8, తగ్గితే సున్నపురాయి పొడి. వానకు కప్పు లేకపోతే మడి మళ్లీ చిత్తడే, ఆ వారం చేసిన దుక్కి వృథా. లోహాలు ఎక్కువున్న మట్టి మడుల్లోకి రాకూడదు. ఎంత దున్నినా వెనేడియం కరగదు, దానికి లైనింగు ఉన్న ప్రమాదకర వ్యర్థాల గుంతే.

కార్బన్ కలపడం

నీరు దించలేని, తవ్వాల్సినంత చమురు లేని గడులకు యాక్టివేటెడ్ కార్బన్ (సన్నటి రంధ్రాలున్న బొగ్గుపొడి). పీఏహెచ్‌లను అది కరిగించదు, పట్టేసుకుంటుంది. పురుగులూ నత్తలూ తినే మోతాదు పడిపోతుంది. పై 10 సెం.మీ. మట్టి పొడి బరువులో 3 శాతం లెక్కన గడికి 240 కిలోలు. పొడి నీటిమీద చల్లితే తేలి గాలికి ఒక మూలకు చేరుతుంది. ముందు రాత్రి నీటిలో నానబెట్టి, ఒండ్రుతో ముద్ద చేసి పరచాలి. చమురు విడిగా తేలే గడిలో కార్బన్ వేయడం దండగ, చమురు దాని రంధ్రాల్ని పూసేస్తుంది. అక్కడ ఆర్గానోక్లే (చమురు పట్టేలా మార్చిన బంకమట్టి) చాపలు కావాలి, అవి చమురునే పీల్చుకుంటాయి.

సెలీనియం ఉన్న ముడిచమురు శుద్ధి చేసిన చోట ఇంకో జాగ్రత్త. అమెరికాలోని రిచ్‌మండ్‌లో షెవ్రాన్ రిఫైనరీ 36 హెక్టార్ల కట్టుడు చిత్తడి వ్యర్థజలంలోని సెలీనియంలో 89 శాతం దాకా తీసేసింది. అందులో కొంత భాగం మొక్కలూ సూక్ష్మజీవుల ద్వారా ఆవిరైపోయింది, ఎక్కువ భాగం బురదలోనే నిలిచింది. నీటికి మేలే, కానీ ఆ బురద పురుగుల్ని తినే పక్షుల గుడ్లకు ముప్పు. కాబట్టి సెలీనియం కనిపించిన గడుల్లో పక్షుల్ని రప్పించే లోతులేని మడుగులు తవ్వకూడదు.

నాట్లు

మొక్కలు అలంకారానికి కాదు. జమ్ము, కిక్కిస లాంటివి ఆకుల్లోంచి గాలిని వేళ్లకు దించి, వేళ్ల చుట్టూ కొంచెం వదులుతాయి. నీరు నిండి ఉన్నప్పుడు బురద లోపలికి గాలి చేర్చే దారి అదే. ఎరువు సగం విడతలు అయ్యాకే నాటాం. తాజా చమురులో నాటిన నారు వేళ్లు ముందే మాడతాయి.

నారు శుభ్రమైన మట్టిలో పెంచినది. పక్క చిత్తడి నుంచి దుంపలు తెస్తే చదరపు మీటరుకు ఒక కుదురు మించి తీయలేదు. అర మీటరుకొకటి చొప్పున గడికి 400 మొక్కలు. గుంత 15 సెం.మీ., అందులో గుప్పెడు కాదు, గుంత నిండా శుభ్రమైన మట్టి. తొలి వేళ్లు ఆ మట్టిలో బలపడి తర్వాత చమురు మట్టిలోకి పోతాయి. వేరు పట్టేదాకా నీరు 2-5 సెం.మీ. మించకూడదు, ఆకు కొన మునగకూడదు. నాటిన వారంలో తూము పలక మరిచిపోతే గడి మొత్తం పోతుంది.

అంచున తుంగ, లోపల జమ్ము, నడుమ కిక్కిస అనుకున్నాం కానీ కిక్కిసను తగ్గించాం, వదిలేస్తే అన్నిటినీ మింగి ఒక్కటే మిగులుతుంది. పశువులు, నీటికోళ్లు లేత పిలకల్ని పీకేస్తాయి, మొదటి ఏడాది వల కంచె తప్పదు. ఈ గడ్డి మేతకు ఇవ్వకూడదు, ఆకుల్లో వెనేడియం, నికెల్ పరీక్షించకుండా ఎరువు కుప్పలోకీ పోకూడదు.

మొక్క బాగుందా లేదా అన్నది పైన కాదు, వేరు దగ్గర చూడాలి. ఒక మొక్కను జాగ్రత్తగా పీకితే వేరు మీద నారింజరంగు ఇనుప పూత, తెల్లటి కొస కనిపిస్తే గాలి దిగుతోంది. వేరు నల్లగా, మెత్తగా, దుర్వాసనతో ఉంటే సల్ఫైడ్ చంపుతోంది. అక్కడ మళ్లీ నాటడం కాదు, ముందు నీరు దించాలి.

ఇప్పటి స్థితి

నీరు దించుతూ ఎక్కిస్తున్న గడుల్లో ఊచల తుప్పు లోతు పెరుగుతోంది, ఆల్కేన్లు హోపేన్‌తో పోలిస్తే తగ్గుతున్నాయి. నాలుగు, ఐదు వలయాల పీఏహెచ్‌లు ఇంకా మొండికేస్తున్నాయి, వాటి కాలం ఏళ్లలో లెక్క. ఇకమీదట మట్టిలోని మొత్తం అంకెను నమ్ముకోకుండా, పాలీఎథిలిన్ పట్టీలు నెలపాటు బురదలో గుచ్చి, నీటిలో విడిగా తిరిగే పీఏహెచ్ ఎంతో కొలవబోతున్నాం.

కాలువ మొగ కింద ఆర్గానోక్లే చాపలు పరచిన గడుల్లో వేడి పెరిగినప్పుడు బుడగలు లేస్తున్నాయి. బురదలో పుట్టే మీథేన్ అది. ప్రతి బుడగా తన చుట్టూ చమురు పొర మోసుకుని పైకి వస్తుంది, చాప అతుకుల దగ్గర రంగులు తేలుతున్నాయి. చాప మీది ఇసుక బరువు పెంచితే బుడగ వేరే చోట దారి చేసుకుంటుంది తప్ప ఆగదు. అందుకని అతుకులు 30 సెం.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కేలా మళ్లీ పరచి, వాటిమీద రెండో ఆర్గానోక్లే పట్టీ వేస్తున్నాం. బుడగ రావొచ్చు, దానికంటిన చమురు మాత్రం చాపలోనే ఆగాలి. బుడగల మీద గరాటు బోర్లించి, లోపలి గోడకు నూనె పీల్చే గుడ్డ అంటించి, పట్టీ వేయకముందూ వేశాకా ఎంత చమురు అంటుతోందో తూచడం వచ్చే ఎండాకాలం పని.